బంగారం సంగతి బంగారమే చూసుకుంటుంది

2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం కీలక ఖనిజాల రీసైక్లింగ్ కోసం 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించిన తరువాత, పాత ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఉన్న బంగారం గురించి తెలుగులో కనిపించిన వ్యాసాలన్నీ వరుసగా చదువుతూ వచ్చాను. ఇంచుమించు అన్నిటిలోనూ ఒకే లెక్క ఉంది: గనిలో టన్ను రాయి తవ్వితే దొరికే బంగారం కొన్ని గ్రాములే, టన్ను పాత ఫోన్లలో ఉండేది మూడు వందల గ్రాముల పైమాటే. ఆ లెక్కలో తప్పేమీ లేదు. మన పొరుగునే ఉన్న కోలారు గనులు 2001లో మూతపడే నాటికి అక్కడి రాతిలో బంగారం టన్నుకు సుమారు మూడు గ్రాములకు పడిపోయింది. అయినా ఆ వ్యాసాలు చదివిన కొద్దీ నాకు ఆశ కన్నా ఆందోళనే ఎక్కువైంది.

కారణం చెబుతాను. 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో బంగారం లేనే లేదు. ఆ జాబితాలో ఉన్నవి టాంటలం, కోబాల్ట్, గాలియం వంటి లోహాలు, బలమైన అయస్కాంతాలకు వాడే నియోడిమియం వంటి రేర్ ఎర్త్ మూలకాలు. దేశం దేనికోసం ఈ డబ్బు పక్కన పెట్టిందో దాన్ని వదిలేసి మనం బంగారం ముచ్చట చెప్పుకుంటున్నాం. బంగారానికి మన ప్రోత్సాహం అక్కరలేదు. కంసాలి దుకాణాల ముందు ఊడ్చిన దుమ్మును సైతం కొనుక్కొని, కడిగి, రవ్వలు ఏరుకొని బతికేవాళ్లున్న దేశం ఇది. ధర ఉన్న లోహాన్ని మంచి పద్ధతిలోనో చెడ్డ పద్ధతిలోనో ఎవరో ఒకరు పట్టుకుంటూనే ఉంటారు. చేజారిపోతున్నవి మిగతా లోహాలు, అవి చేజారేది కొలిమి దగ్గర కాదు, అంతకన్నా ముందు, వస్తువును విప్పే బల్ల దగ్గర. అందువల్ల ప్రభుత్వ ధనమూ చట్టం శ్రద్ధా మొదట చేరవలసింది ఆ బల్ల దగ్గరికి, అక్కడ స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి దగ్గరికి అన్నదే నా అభిప్రాయం.

కొలిమి దేన్ని నిలుపుకుంటుంది

సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను తీసే పెద్ద కొలిమి ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే నా వాదనంతా దానిమీదే నిలబడి ఉంది. స్వీడన్‌లో బోలిడెన్ సంస్థ నడిపే రోన్‌షార్ స్మెల్టర్ వంటి చోట్ల ముక్కలు చేసిన బోర్డులను వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కరిగిస్తారు. బోర్డులోని రాగి కరిగి, తనతో సులువుగా కలిసిపోయే బంగారాన్ని, వెండిని, పల్లాడియాన్ని తనలో ఇముడ్చుకుంటుంది. ఆ రాగిని పలకలుగా పోసి, ఆమ్ల ద్రావణంలో ఉంచి విద్యుత్తుతో శుద్ధి చేసినప్పుడు స్వచ్ఛమైన రాగి ఒకవైపు చేరుతుంది, విలువైన లోహాలన్నీ తొట్టి అడుగున మడ్డిగా దిగుతాయి. ఆ మడ్డిలోంచి వాటిని ఒక్కొక్కటిగా వేరుచేస్తారు. బాగా నడిచే స్మెల్టర్లలో బోర్డులోని బంగారంలో నూటికి తొంభై అయిదు పాళ్లు తిరిగి వస్తుంది.

అదే కొలిమిలో టాంటలం, నియోడిమియం, అల్యూమినియం పడినప్పుడు జరిగేది వేరు. ఈ మూలకాలకు ఆక్సిజన్‌తో ఉన్న బంధం చాలా గట్టిది కాబట్టి, అవి రాగిలో కలవకుండా ఆక్సైడ్లుగా మారి పైన తేలే చిట్టెంలోకి పోతాయి. టన్నులకొద్దీ చిట్టెంలో అంత పలుచగా పరుచుకున్న లోహాన్ని మళ్లీ రాబట్టడానికి అయ్యే ఖర్చు ఆ లోహం విలువను మించిపోతుంది. పదిహేడు లోహాలను వేరుచేయగలనని చెప్పుకునే బెల్జియంలోని యూమికోర్ కర్మాగారానికి కూడా, బోర్డులతో పాటు కొలిమిలోకి వెళ్లిన టాంటలం ఈ దారిలో దక్కదు. ఇందులో కర్మాగారాల లోపం ఏమీ లేదు. ఒకే కొలిమి అన్ని లోహాలకూ పనికిరాదు, అది రసాయనశాస్త్ర నియమం. కాబట్టి ఏ లోహం ఏ దారిన వెళ్లాలో కొలిమికి ముందే తేలిపోవాలి. తేల్చే మార్గం ఒక్కటే: వస్తువును విప్పి, భాగాలను వేరుచేయడం.

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన ప్రపంచ ఈ-వ్యర్థాల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ సామగ్రి 6.2 కోట్ల టన్నులు, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్లు లెక్క దొరికింది 22.3 శాతానికి. వార్తల్లో ఎక్కువగా వచ్చింది ఈ రెండో అంకె. నన్ను ఆపేసింది అదే నివేదికలోని మరొక మాట: రేర్ ఎర్త్ మూలకాల గిరాకీలో ఈ-వ్యర్థాల రీసైక్లింగ్ తీరుస్తున్నది ఒక్క శాతమే. సేకరణ రెట్టింపయినా, సేకరించినదంతా తిన్నగా ముక్కలు చేసే యంత్రంలోకే పోతే ఈ ఒక్క శాతం పెద్దగా కదలదు. హార్డ్ డిస్కులోని నియోడిమియం అయస్కాంతం పెళుసైనది, యంత్రంలో పడితే పొడి అయిపోతుంది, ఆ పొడి చుట్టూ ఉన్న ఉక్కు ముక్కలకు అతుక్కొని ఇనుము కొలిమికి చేరి అక్కడ చిట్టెంలో కలిసిపోతుంది.

విప్పే బల్ల

హైదరాబాదులో పాత కంప్యూటర్లను విప్పే ఒక రేకుల షెడ్డుకు పోయి, అక్కడ పని జరుగుతుండగా చూసే అవకాశం నాకు దొరికింది. పాలమూరు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న ఒక పెద్దాయన గోనెపట్టా మీద కూర్చొని, మాట్లాడుతూనే ఒక సీపీయూ డబ్బాను విప్పేశారు. ర్యామ్ ఒక కుప్ప, ప్రాసెసర్ ఒక కుప్ప, మదర్‌బోర్డు ఒక కుప్ప, వైర్లు ఒక కుప్ప, రేకు, ప్లాస్టిక్ వేరువేరు కుప్పలు. కుప్పకో రేటు ఉంది, రేటు మారినప్పుడల్లా కుప్పలు వేసే తీరు కూడా మారుతుంది. ఇంజనీరింగ్ కళాశాలలో లోహశాస్త్రం చదువుకున్న నాకు ఏ భాగంలో ఏ లోహం ఉంటుందో పుస్తకంగా తెలుసు. ఆయనకు వేళ్లతో తెలుసు.

హార్డ్ డిస్కు విప్పినప్పుడు లోపలి రెండు అయస్కాంతాలను వాటి ఉక్కు పలకలతో సహా ఆయన ఇనుము కుప్పలోకి విసిరారు. అవి ఎందుకు వేరుగా పెట్టరని అడిగాను. "దాన్ని కొనేటోడు లేడు సారూ, ఇనుముల కలిపితే బరువన్నా తూగుతది" అన్నారు. ఆ అయస్కాంతం బరువులో మూడో వంతు దాకా నియోడిమియం, దాని జాతి మూలకాలు ఉంటాయని చెబితే ఆయనకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఎవరు కొంటారో చెప్పమన్నారు. నేను చెప్పలేకపోయాను.

ఆ సంభాషణలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది దూరం. చర్లపల్లిలో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతులను అభివృద్ధి చేసిన ఈ-వ్యర్థాల ప్రత్యేక కేంద్రం అక్కడే నడుస్తోంది. కంచన్‌బాగ్‌లోని ఇనుమేతర లోహాల పరిశోధన సంస్థ ఎన్‌ఎఫ్‌టీడీసీ రేర్ ఎర్త్ అయస్కాంతాల తయారీ మీద పనిచేస్తోంది. విశాఖపట్నంలో ఐఆర్‌ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ రేర్ ఎర్త్ శాశ్వత అయస్కాంతాల కర్మాగారాన్ని 2023లో జాతికి అంకితం చేశారు. ఆ కర్మాగారంలో తయారయ్యేవి సమేరియం-కోబాల్ట్ రకం, హార్డ్ డిస్కులో ఉండేది వేరే రకమని నాకు తెలుసు. నేను అనేది అంతకన్నా చిన్న మాట: లోహం తీయగల శాస్త్రవేత్తలూ లోహాన్ని వేరుచేయగల చేతులూ ఒకే నగరంలో, ఆటోలో వెళ్లగలిగే దూరంలో ఉన్నారు, మధ్యలో కొనేవాడు లేడు.

చెక్కు చెదరని డిస్కులంటే భయం

షెడ్డుల దాకా పోకముందే ఎంతో సామగ్రి మరోలా నష్టపోతోంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఐటీ రంగంలో ఒక కంపెనీ పాత కంప్యూటర్లను వదిలించుకొనేటప్పుడు దాని మొదటి భయం సమాచారం బయటికి పొక్కుతుందని. ఆ భయం న్యాయమైనదే. అందుకని హార్డ్ డిస్కులను ఎలా ఉన్నవి అలాగే ముక్కలు చేసే యంత్రంలో వేసి, ధ్వంసం చేసినట్లు ధ్రువపత్రం తీసుకుంటారు. నేను పనిచేసిన ఒక చోట అటువంటి సందర్భంలో, ముందుగా అయస్కాంతాలు విప్పి, సమాచారం ఉండే పలకలను మాత్రం ముక్కలు చేస్తే సరిపోదా అని అడిగాను. సాంకేతికంగా అభ్యంతరం ఎవరికీ లేదు. సమాచారం ఉండేది పలకల మీదే, అయస్కాంతంలో కాదు. కానీ ఆడిట్‌కు కావలసిన పత్రంలో "డిస్కు పూర్తిగా ధ్వంసం" అన్న గడి ఒకటే ఉంది, విప్పిన డిస్కుకు గడి లేదు. ఎంతో మర్యాదగా నా సూచనను పక్కన పెట్టారు.

ఆ నిర్ణయం తీసుకున్న వ్యక్తిని తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. తన బాధ్యత గల పత్రం ఎలా అడిగితే ఆయన అలా చేశారు. అయితే డేటా సెంటర్లు వరుసగా వెలుస్తున్న హైదరాబాదులో ఆ పత్రంలోని ఒక గడి ఎన్ని కిలోల నియోడిమియాన్ని ఇనుము తుక్కులో కలిపేస్తుందో ఆలోచించండి. కొత్త కర్మాగారం అక్కరలేకుండా, ఒక నమూనా పత్రాన్ని సవరించి అరికట్టగల నష్టం ఇది.

చట్టం లెక్కలోకి తీసుకోనివాళ్లు

2016 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లో విప్పేవాళ్లు ఒక ప్రత్యేక వర్గంగా ఉండేవారు, వారికి అనుమతి పొందే దారి ఉండేది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2022 నిబంధనల్లో నమోదు చేసుకోవలసినవారు నలుగురే: తయారీదారు, విక్రయానికి బాధ్యుడైన ఉత్పత్తిదారు, బాగుచేసి అమ్మే రీఫర్బిషర్, రీసైక్లర్. విప్పడం అన్నది రీసైక్లర్ చేసే పనిలో ఒక భాగంగా మారిపోయింది. ఉత్పత్తిదారులు తాము అమ్మిన సరుకును రీసైకిల్ చేయించే బాధ్యత తీర్చుకోవడానికి రీసైక్లర్ల దగ్గర కొనే ధ్రువపత్రాలను నాలుగు లోహాలకే లెక్కగడుతున్నారు: బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము.

ఈ మార్పు వెనుక మంచి కారణం ఉందని ఒప్పుకోవాలి. పాత పద్ధతిలో ఎన్ని టన్నులు లోపలికి వచ్చాయన్నది ముఖ్యం, అందువల్ల కాగితం మీద టన్నులు పెరిగేవి, సరుకు మాత్రం తిరిగి తుక్కు బజారుకే చేరేది. బయటికి ఎంత లోహం వచ్చిందని అడగడం అంతకన్నా నిజాయితీ గల ప్రశ్న. నాలుగు లోహాలతో మొదలుపెట్టడం కూడా, తనిఖీ చేయగలిగిన దానితో మొదలుపెట్టాలన్న వివేకమే కావచ్చు. అయితే నాలుగింటినే లెక్కగట్టినప్పుడు, మిగతా వాటిని వేరుచేయడానికి రీసైక్లర్ వెచ్చించే ప్రతి నిమిషమూ అతనికి నష్టమే అవుతుంది. టాంటలంతో చేసిన కెపాసిటర్లనే చిన్న భాగాలను బోర్డు నుంచి ఊడబెరికితే అతనికి ధ్రువపత్రం రాదు. ఊడబెరకకుండా బోర్డును ముక్కలు చేస్తే వస్తుంది. చట్టం ఈ నష్టాన్ని నిషేధించలేదు సరికదా, తెలియకుండానే దానికి ప్రతిఫలం ఇస్తోంది. రీసైక్లర్లకు ఉత్పత్తిదారులు చెల్లించవలసిన కిలోకు 22 రూపాయల కనీస ధర మీద కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. కిలోకు ఎంత అన్నదాని మీద ఇంత పోరాటం జరుగుతున్నప్పుడు, ఆ కిలోలో ఏముంది అన్న ప్రశ్న కూడా ఎవరో ఒకరు గట్టిగా వేయాలి.

అదే నిబంధనల్లో రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించిన బాధ్యతలను చదివితే ఆశ కలుగుతుంది. పారిశ్రామిక వాడల్లో ఈ పనికి స్థలమో షెడ్డో కేటాయించాలని, విప్పే పనివాళ్లను గుర్తించి నమోదు చేయాలని, వాళ్లు బృందాలుగా ఏర్పడి కేంద్రాలు పెట్టుకోవడానికి సాయపడాలని, నైపుణ్య శిక్షణ ఇవ్వాలని, ఆరోగ్యాన్నీ భద్రతనూ చూడాలని అక్కడ స్పష్టంగా ఉంది. అంటే మనిషిగా అతన్ని గుర్తించమని ఒక అధ్యాయం చెబుతోంది, వ్యాపారిగా అతనికి నమోదు లేదని మరో అధ్యాయం చెబుతోంది. ఈ రెంటినీ కలపవలసిన పని రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక, పరిశ్రమల శాఖలది.

నాకు ఉన్న సందేహాలు

ఈ వాదన చేసేటప్పుడు నన్ను వెనక్కి లాగే మొదటి ఆలోచన గుయియు. చైనాలోని ఆ పట్టణంలో బోర్డులను కాల్చీ ఆమ్లాల్లో ముంచీ లోహాలు తీసిన కాలంలో, 2007లో వచ్చిన ఒక అధ్యయనం అక్కడి పిల్లల రక్తంలో సీసం సగటున డెసిలీటరుకు 15.3 మైక్రోగ్రాములు ఉన్నట్లు తేల్చింది. పొరుగు పట్టణం పిల్లల్లో అది 10కి కొంచెం తక్కువ. విప్పేవాళ్లకు గౌరవం ఇవ్వాలని నేను అంటున్నప్పుడు, అదే చేతులు రేపు ఆమ్లం తొట్టిలోకి దిగితే? ఈ-వ్యర్థాల పనికి పేరుపడ్డ ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ అనుభవం మన ముందే ఉంది. అందుకే నేను గీత స్పష్టంగా గీస్తాను: విప్పడం, వేరుచేయడం, బాగుచేయడం చేతులతో జరగాలి, కాల్చడం, కరిగించడం, ఆమ్లం వాడడం కర్మాగారంలో తప్ప ఎక్కడా జరగకూడదు. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. బెంగళూరులో పెరటి ఆమ్ల పద్ధతిని పరిశీలించినవారు అందులో బోర్డులోని బంగారంలో నాలుగో వంతే చేతికి వస్తున్నట్లు గుర్తించారు. అంటే ఆ పనివాడు తన ఊపిరితిత్తులను పణంగా పెట్టి, మూడొంతుల బంగారాన్ని మురుగులో పోస్తున్నాడు.

విప్పడంలోనూ ప్రమాదం లేకపోలేదు. పాత టీవీ గొట్టాల గాజులో సీసం, కొన్నేళ్ల కిందటి ఎల్‌సీడీ తెరల వెనుక దీపాల్లో పాదరసం, ఉబ్బిన లిథియం బ్యాటరీలు. నేను చూసిన షెడ్డులో చేతి తొడుగులు లేవు, బ్యాటరీలు ఎండలో కుప్పగా ఉన్నాయి. ఏది విప్పవచ్చో, ఏది విప్పకూడదో, బ్యాటరీ ఎక్కడ పెట్టాలో చెప్పే శిక్షణ లేకుండా కేవలం నమోదు పత్రం ఇస్తే అది మేలు కాదు.

రెండో సందేహం యంత్రాలది. ఆపిల్ సంస్థ 2018లో చూపించిన డైసీ అనే రోబో గంటకు రెండు వందల ఐఫోన్లు విప్పగలదు. భవిష్యత్తు అదే కదా, చేతుల మీద ఎందుకు ఖర్చు అని అడిగేవారున్నారు. ఆ రోబోకు తను ఎరిగిన నమూనాలు మాత్రమే వస్తాయి. మన తుక్కు బళ్లలో వచ్చేది ఇరవై ఏళ్ల నాటి డెస్క్‌టాప్, సెట్‌టాప్ బాక్సు, పేరు చెరిగిపోయిన ఫోను, సగం కాలిన ఇన్వర్టర్. ఇంత కలగాపులగాన్ని చూసి నిర్ణయం తీసుకోగల యంత్రం ఇంకా రాలేదు, వచ్చినా ఆ ధరకు మన దగ్గర నిలవదు.

మూడోది పరిమాణం, దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒక పెద్ద హార్డ్ డిస్కులో అయస్కాంతం పది ఇరవై గ్రాములకు మించదు, పైగా అయస్కాంతం అక్కరలేని ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఆ డిస్కులు ల్యాప్‌టాప్‌లలో కనిపించడమే తగ్గింది. తుక్కులోంచి వచ్చే నియోడిమియం దేశ అవసరాన్ని తీరుస్తుందని నేను అనను. అయినా 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల మీద, వాటితో చేసిన అయస్కాంతాల మీద ఎగుమతి నియంత్రణలు పెట్టినప్పుడు మన వాహన పరిశ్రమ ఎంత కంగారుపడిందో చూశాం. ఇవాళ రోడ్ల మీద తిరుగుతున్న విద్యుత్ స్కూటర్ల మోటార్లూ ఇన్వర్టర్ ఏసీల కంప్రెసర్లూ మరికొన్నేళ్లలో ఇవే షెడ్లకు చేరతాయి. అప్పటికి అయస్కాంతాన్ని వేరుగా పెట్టే అలవాటు, దాన్ని కొనే మనిషి ఉండాలి. ఈ రెండూ ఒక్క రోజులో పుట్టవు.

డబ్బు ఎప్పుడు చేతికి వస్తుంది

చివరికి అడ్డంకి సాంకేతికం కాదు, చెల్లింపు. పెద్ద స్మెల్టర్‌కు బోర్డులు అమ్మితే వాళ్లు నమూనా తీసి, పరీక్షించి, శుద్ధి గడువు లెక్కవేసి వారాల తరువాతో నెలల తరువాతో డబ్బు ఇస్తారు. కంటైనర్ నిండేంత సరుకు కూడబెట్టడానికి అంతకు ముందే చాలాకాలం పడుతుంది. ఆమ్లం వాడే వ్యాపారి సాయంత్రానికి నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. రోజు కూలీల ఇల్లు గడవాలి కనుక షెడ్డు యజమాని ఎవరికి అమ్ముతాడో వేరే చెప్పనక్కరలేదు. బెంగళూరు అధ్యయనంలో బోర్డులను పెద్ద స్మెల్టర్‌కు అమ్మితే పెరటి పద్ధతి కన్నా ఎక్కువ ఆదాయం వచ్చే వీలుందని తేలింది. ఎక్కువ డబ్బు ఉన్నా, ఆలస్యంగా వచ్చే డబ్బు ఆ షెడ్డుకు అందని డబ్బే.

కేంద్ర పథకం ఈ చోటికి చేరదు. అది యంత్రాలకు ఇరవై శాతం రాయితీ ఇస్తుంది, మూడో వంతు నిధులను చిన్న, కొత్త సంస్థలకు కేటాయించింది, కానీ ఆ చిన్న సంస్థకు ఇచ్చే మొత్తానికి పరిమితి 25 కోట్లు. షెడ్డు పెద్దాయన ఆ చిన్న సంస్థల లెక్కలో కూడా ఎక్కడా సరిపోడు. ఖనిజాన్ని నిజంగా వెలికితీసే దశకే ప్రోత్సాహకమని, బ్యాటరీలను నల్లపొడి చేసి వదిలేసేవారికి ఇవ్వబోమని కూడా పథకం చెబుతోంది. కర్మాగారాల విషయంలో అది సబబే, కానీ వేరుచేసే దశకు అసలే ఏమీ మిగలకుండా పోయింది.

నేను కోరేది పెద్దది కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల రాష్ట్ర ప్రభుత్వం తుక్కు గోదాముల పక్కనే ఒక కొనుగోలు కేంద్రం పెట్టాలి. కాల్చని బోర్డుకు, విప్పిన అయస్కాంతానికి, ఊడబెరికిన టాంటలం కెపాసిటర్లకు, చెక్కుచెదరని బ్యాటరీకి ఆ రోజు రేటు బోర్డు మీద రాసి, కాటా వేసి, అదే సాయంత్రం డబ్బు ఇవ్వాలి. సరుకు కంటైనర్ నిండేదాకా, స్మెల్టర్ చెల్లింపు వచ్చేదాకా ఆ భారం ప్రభుత్వం మోయాలి. అయస్కాంతాలు చర్లపల్లికో కంచన్‌బాగ్‌కో నేరుగా వెళ్లాలి. ధ్రువపత్రాల లెక్కలో ఐదో లోహంగా నియోడిమియాన్ని చేర్చే దాకా ఈ కొనుగోలు నష్టంతోనే నడుస్తుంది, ఆ నష్టాన్ని భరించడానికే 1,500 కోట్లలో కొంత భాగం కేటాయించాలని కేంద్రాన్ని అడగవలసినవి మన రెండు రాష్ట్రాలు.